ఊళ్లో ఆరుబయట నాటకశాల: నేల వెతకడం నుంచి మూడో ఏడాది దాకా

మా ఊరు చిత్తూరు నుంచి పూతలపట్టుకు పోయే దారిలో ఉంది. అక్కడ మేం ఆడే నాటకాలు చూసినవాళ్లు "మా ఊళ్లోనూ పెట్టుకోవాలనుంది, ఎట్లా?" అని అడుగుతున్నారు. ఫోన్లో ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకచోట రాసేస్తే మేలనిపించింది.

అందరూ మొదట అడిగేది స్టేజీ కట్టడానికి ఎంతవుతుందని. మూడేళ్ల దాకా ఒక్క సిమెంటు బస్తా కూడా కొనకండి. నిధులు వచ్చాయి కదా అని ముందు కట్టేసిన రంగమంటపాల మీద ఇప్పుడు చింతపండు ఎండుతుండటం నేను కళ్లారా చూశాను. ముందు జనానికి వచ్చి కూర్చునే అలవాటు కావాలి. కింద రాసిందంతా ఆ అలవాటు చేయించే క్రమమే.

1. ఏడుగురిని పోగుచేయండి, అందరూ నటులు కాకూడదు

నాటకం మీద మోజున్న పదిమంది కలిస్తే పదిమందీ వేషం కట్టేవాళ్లే ఉంటారు. లెక్క రాసేవాడు, పట్టలు పరిచేవాడు కనపడరు. మొదటి సమావేశంలోనే పనులు పంచి, పేర్లు కాగితం మీద రాయండి.

- డబ్బు లెక్క: ఒకరు (నటుడు కాకూడదు)
- నేల, అనుమతులు: ఒకరు
- కరెంటు, మైకు, లైట్లు: ఒకరు
- రిహార్సల్ నడిపేవాళ్లు: ఒకరు
- దుస్తులు, రంగు, సామాను: ఒకరు
- ఆడవాళ్లు, పిల్లల బాగోగులు: ఒక మహిళ, తప్పనిసరిగా
- జనాన్ని కూర్చోబెట్టడం, నీళ్లు, దారి: ఒకరు

ఏడుగురు అనడానికి ఇంకో కారణం ఉంది. రేపు సంఘాన్ని రిజిస్టర్ చేయాలంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి.

నటుల కోసం పట్నం వైపు చూడకండి. కోలాటం జట్టులో కాలికి తాళం తెలిసినవాళ్లు, పండరి భజనలో గొంతున్నవాళ్లు ఉంటారు. ద్రౌపదీ ధర్మరాజుల గుడి ఉన్న ఊరైతే ఆ గుడి ఉత్సవంలో భారతం ఆడేవాళ్లు ఉండనే ఉంటారు. రాత్రంతా మైకు లేకుండా పాడి ఆడగలిగిన మనుషుల దగ్గర గొంతు దాచుకోవడం ఎలాగో నేర్చుకోండి. వాళ్లకు పోటీగా మాత్రం నిలబడొద్దు. భారతం జరిగే పద్దెనిమిది రోజుల్లో మీ ఆట పెట్టనే పెట్టొద్దు.

ఇంకొక్క మాట. ఏ పార్టీ నాయకుణ్ణీ అధ్యక్షుడిగా పెట్టుకోకండి, ఎవరి ఫొటో తెర మీద వేయకండి. ప్రభుత్వం మారిన రోజున మీ తెరా మారాల్సి వస్తుంది.

2. నేల: పగలు కాదు, రాత్రి వెళ్లి చూడండి

పగలు బాగున్న చోటు రాత్రి పనికిరాకపోవచ్చు. మొదట మేం ఎంచుకున్న స్థలం రోడ్డుకు దగ్గర, చదునుగా, శుభ్రంగా ఉండేది. రాత్రి ఎనిమిదిన్నరకు వెళ్లి చూస్తే మలుపు తిరిగే ప్రతి లారీ హారన్ కొట్టేది అక్కడే. వదిలేశాం.

ఇద్దరు వెళ్లండి. ఒకరు స్టేజీ అనుకున్న చోట నిలబడి మామూలు గొంతుతో మాట్లాడాలి, రెండోవారు అరవై అడుగుల దూరంలో నేల మీద కూర్చుని వినాలి. మాటలు విడివిడిగా తెలిస్తే నేల మంచిదే. మన జిల్లాలో బండలకు కొదవ లేదు కాబట్టి వీపుకు బండ ఉన్న చోటు దొరుకుతుందేమో చూడండి. గొంతు వెనక్కి పోకుండా జనం వైపు కొడుతుంది. జనం కూర్చునే వైపు కాస్త వాలు ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

ఎంత నేల కావాలి? కింద కూర్చునే మనిషికి ఆరు చదరపు అడుగులు చాలు. రెండు వందల మందికి దారులతో కలిపి దాదాపు పదిహేను వందల చదరపు అడుగులు, అంటే మూడున్నర సెంట్లు. స్టేజీ, పక్కలు, రంగు వేసుకునే చోటు కలిపి ఇంకో రెండున్నర సెంట్లు. బండ్లు నిలిపే చోటు పక్కన పెడితే పది సెంట్లలో హాయిగా సరిపోతుంది.

నేల చూసేటప్పుడు:

- స్టేజీ ఉత్తరానో దక్షిణానో ఉండాలి. సాయంత్రం ఎండ జనం కళ్లలోనూ పడకూడదు, నటుల కళ్లలోనూ పడకూడదు.
- కూర్చునే చోట పల్లేరు కాయలు ఉన్నాయా? పారతో చెక్కి, ఊడ్చి, మళ్లీ చెక్కాలి. ఒకసారితో పోవు.
- పొదలు, రాళ్ల కుప్పలు పదిహేను అడుగుల లోపల ఉండకూడదు. పాముల సంగతి చెప్పాలా.
- పైన కరెంటు తీగలు పోతున్నాయా? పోతుంటే ఆ చోటు వద్దు.
- ఆడవాళ్లకు వెలుతురున్న మరుగుదొడ్లు దగ్గర్లో ఉన్నాయా? ఈ ఒక్క కారణానికే బడి మైదానం చాలా ఊళ్లలో మంచిది.
- అంబులెన్స్ స్టేజీ పక్క దాకా రాగలదా?

పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచు ఊళ్లలో అయితే ఏనుగుల సంగతి ముందు కనుక్కోండి. అక్కడ ఆట పగలే పెట్టి, చీకటి పడేలోగా జనాన్ని ఇళ్లకు పంపేయాలి. తిరుపతిలో శేషాచలం కొండల పాదాన ఉండేవాళ్లకు చిరుత భయం కొత్త కాదు. అక్కడ జనం ఒంటరిగా కాకుండా గుంపుగా తిరిగి వెళ్లేలా చూడాలి.

3. తేదీ, వేళ

మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు. ఆ మూడు నెలలు రిహార్సల్‌కు వాడుకోండి. సంక్రాంతి దాటాక శివరాత్రి దాకా మంచి కాలం. మార్చిలో పది, ఇంటర్ పరీక్షలు. మైకు పెడితే తల్లిదండ్రులు తిడతారు, అందులో న్యాయం కూడా ఉంది. మే నెలలో గంగమ్మ జాతరలు. ఊరంతా తానే వేషం కట్టే వారంలో మీ వేషాలు ఎవరు చూస్తారు? పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాలు కూడా వదిలేయండి.

మిగిలిన నెలల్లో పౌర్ణమికి దగ్గరగా వచ్చే శనివారం పట్టుకోండి. ఇంటికి నడిచి వెళ్లేవాళ్లకు వెన్నెల ఉంటుంది, బెంగళూరులో పనిచేసే పిల్లలు ఆ రోజుకు ఊరికి వస్తారు. ఏ నెలలో ఎప్పుడో ఎవరూ అడగక్కర్లేకుండా అదే గుర్తుండిపోతుంది.

వేళ విషయంలో పాలే గడియారం. ఆవుల పాలు పిండి, కేంద్రంలో పోసి, ఇంటికొచ్చి అన్నం తినేదాకా పాడి ఉన్న ఇంటివాళ్లెవరూ రారు. మా ఊళ్లో అది ఏడున్నర. ఆట ఏడూ ముప్పావుకు మొదలై తొమ్మిదిన్నరకు ముగుస్తుంది. చెప్పిన వేళకు ముందు వరసలో నలుగురే ఉన్నా మొదలుపెట్టండి. ఒక్కసారి అరగంట ఆలస్యం చేస్తే, వచ్చే నెల అందరూ గంట ఆలస్యంగా వస్తారు.

4. కథ

మొదటి నాటకం నలభై ఐదు నిమిషాలు దాటకూడదు. ఆరు నుంచి ఎనిమిది పాత్రలు చాలు. ఇద్దరు కూర్చుని మెల్లగా బాధపడే దృశ్యాలు నాలుగు గోడల మధ్య పండుతాయి గానీ ఆరుబయట తేలిపోతాయి. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, దాక్కునేవాళ్లు, పట్టుబడేవాళ్లు ఉన్న కథ చూడండి.

పాత్రలు మన మాటే మాట్లాడాలి. "ఉండాది", "యాడికి పోతా ఉండావు", "వచ్చిండ్లేదు" అనే మనుషుల నోట పుస్తకం తెలుగు పెడితే, మొదటి మాటకే పిల్లలు నవ్వుతారు. సరిహద్దు ఊరైతే ఒక పాత్ర అరవం కలిపి మాట్లాడినా అందరికీ అర్థమవుతుంది.

ఇంకొకరి నాటకం ఆడాలంటే ముందు హక్కుల సంగతి చూడండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల దాకా హక్కులు వారసులవి. ఔత్సాహిక సంఘం టికెట్టు లేకుండా ఆడితే మినహాయింపు ఉంది. ఉన్నా సరే, రచయిత బతికుంటే ఒక ఉత్తరం రాయండి. అది మర్యాద. సినిమా పాటల రికార్డులు వేయడం మాత్రం వద్దు. పలక (డప్పు), డోలక్, హార్మోనియం చాలు.

5. ఆరు వారాల రిహార్సల్

1. మొదటి వారం: అందరూ కూర్చుని చదవడం. వేషాలు అప్పుడే పంచొద్దు. రెండుసార్లు మార్చి మార్చి చదివిస్తే ఎవరికి ఏది నప్పుతుందో మీరు చెప్పక్కర్లేదు, వాళ్లకే తెలుస్తుంది.
2. రెండో వారం: వేషాలు పంచి, మాటలు నోటికి రప్పించడం. ప్రతి పెద్ద వేషానికీ మాటలు వచ్చిన ఇంకో మనిషి ఉండాలి. ఆట రోజున షిఫ్టు పడిందని ఫోన్ చేసే హీరో ప్రతి జట్టులోనూ ఒకడుంటాడు.
3. మూడో వారం: బయటికి రండి. ఇక్కడి నుంచి ఒక్క రిహార్సల్ కూడా గదిలో జరగకూడదు.
4. నాలుగో వారం: రాకపోకలు, సామాను, పలక దెబ్బ ఎక్కడ పడాలో.
5. ఐదో వారం: పక్కనుంచి ఎవరూ మాటలు అందించకుండా మొత్తం ఆట, రెండుసార్లు.
6. ఆరో వారం: దుస్తులతో, లైట్లతో, అదే నేల మీద, అదే వేళకు.

గదిలో తయారైన నాటకం బయట వినపడదు. ఇది అందరూ చేసే తప్పు, మేమూ చేశాం. మందు ఏమిటంటే, రిహార్సల్ నడిపే మనిషి స్టేజీ దగ్గర కాకుండా అరవై అడుగుల వెనక కూర్చోవాలి. వినపడకపోతే చెయ్యెత్తాలి, అంతే. "గట్టిగా" అని అరిస్తే నటుడు గొంతు చించుకుంటాడు. చెయ్యెత్తితే మాట నిదానం చేసి, చివరి అక్షరం మింగకుండా పలుకుతాడు. అరుపు కంటే అదే దూరం పోతుంది.

రెండో తప్పు, మైకు దగ్గరికి జరగడం. పద్యం వచ్చేసరికి రాజు, మంత్రి, ద్వారపాలకుడు ముగ్గురూ మైకు కింద చేరతారు. మైకు లేకుండానే ఐదు వారాలు గడిపితే ఆ జబ్బు సగం పోతుంది.

6. స్టేజీ, వెలుతురు, మైకు, కరెంటు

మొదటి మూడేళ్లకు టెంట్ హౌస్ నుంచి చెక్క స్టేజీ అద్దెకు తెచ్చుకోండి. ఇరవై నాలుగు అడుగుల వెడల్పు, పదహారు అడుగుల లోతు, రెండున్నర అడుగుల ఎత్తు. జనం నేల మీద కూర్చుంటారు కాబట్టి అంతకంటే ఎత్తు పెడితే ముందు వరస మెడలు పట్టేస్తాయి. పలకల మధ్య సందుల్లో కాలు ఇరుక్కోకుండా పైన పట్ట లాగి కొట్టించండి. ముహూర్తాల రోజుల్లో టెంట్ హౌస్ వాళ్లు ఫోనే ఎత్తరు. మూఢంలో సామానంతా ఖాళీగా పడి ఉంటుంది, రేటు గట్టిగా బేరమాడవచ్చు.

పెద్ద రంగుల తెర వెనక కట్టాలని అందరికీ ఉంటుంది. గాలి వీస్తే అది ఓడ తెరచాపే. స్తంభాలతో సహా లాగేస్తుంది. బండో, మానో ఉంటే దాన్నే వెనక ఉంచుకోండి. తప్పదంటే సన్న తెరలు రెండు, కింద ఇసుక బస్తాలు కట్టి వేలాడదీయండి.

లైట్లు ముందు వైపు రెండు స్తంభాల మీద, పన్నెండు అడుగుల ఎత్తున, ఎడమ కుడి మూలల నుంచి స్టేజీ మీద ఏటవాలుగా పడాలి. తిన్నగా ఎదురుగా పెడితే మొహాలు అప్పడాల్లా చదునుగా కనిపిస్తాయి. ఒక వైపు పసుపు, రెండో వైపు కాస్త నీలం. ఎల్‌ఈడీ పార్ లైట్లు (స్టేజీలకు వాడే గుండ్రటి రంగు లైట్లు) ఎనిమిది ఉంటే మొదట్లో చాలు. వాన పడిన మరునాడు ఉసిళ్లు వస్తాయి. స్టేజీకి దూరంగా, జనానికి పక్కగా ఒక తెల్లటి ట్యూబ్‌లైట్ అరగంట ముందే వేసి పెట్టండి, సగం అటే పోతాయి. అయినా నోట్లోకి ఒకటి పోయిన రాజును నేను చూశాను. పద్యం ఆపలేదు, మహానుభావుడు.

నూట యాభై మంది లోపల, వెనక బండ ఉన్న చోట మైకు అక్కర్లేదు. అంతకు మించితే స్టేజీ అంచున రెండు మూడు మైకులు, నురగ తొడుగులు వేసి. స్పీకర్ బాక్సులు మైకుల కంటే ముందుకు, జనం వైపు కాస్త కిందికి వంచి ఉండాలి. మైకు వెనక బాక్సు ఉంటే కూత పెడుతుంది. కూత వచ్చిన ప్రతిసారీ ఆపరేటర్ వాల్యూమ్ తగ్గిస్తాడు, నటుడు అరుస్తాడు, ఆట పాడవుతుంది.

ఇక కరెంటు. ఇక్కడ ఎవరి మాటా వినకండి. మా మొదటి ఏడాది ఒక మైకు సెట్టు వాళ్లు టేపు చుట్టిన అతుకు వైరును గడ్డి మీదే పరిచారు. సన్న జల్లు పడింది. ఉత్త కాళ్లతో ఉన్న మా కుర్రాడికి షాక్ కొట్టి, వేషంతోనే కిందపడ్డాడు. ప్రాణం దక్కింది. ఆ రోజు నుంచి ఈ జాబితా పూర్తయ్యేదాకా ఎవరూ స్టేజీ ఎక్కరు:

- లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ ఆట ముగిసేదాకా ఉండాలి
- 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తానే ఆపేసే స్విచ్), విడిగా ఎర్తింగ్ కడ్డీ
- వైరు నేల మీద పడుకోకూడదు: పైనుంచి, లేదా పైపులో
- అతుకులు ఉంటే ఆ వైరు తిప్పి పంపేయాలి
- తీగ మీద కొక్కెం వేయకూడదు, తాత్కాలిక కనెక్షన్ తీసుకోవాలి
- కరెంటు పోతే జనరేటర్. పైన చెప్పిన లైట్లకు, మైకుకు ఐదు కేవీఏ సరిపోతుంది
- చినుకు పడిందంటే ఆట ఆపేసి మెయిన్ తీసేయాలి

7. అనుమతులు: ఇరవై రోజుల ముందు

నేల ఎవరిదో అక్కడి నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. పంచాయతీదైతే తీర్మానం, బడిదైతే హెడ్మాస్టరు, గుడిదైతే ఈవో లేదా ధర్మకర్తలు, పోరంబోకు అయితే తహసీల్దారు. "మనోళ్లే కదా" అని నోటిమాట మీద ఉండొద్దు. ఆట రోజు సాయంత్రమే ఎవరో ఒకరు అడ్డుపడతారు.

మైకుకు పోలీసుల అనుమతి కావాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు వాడకూడదు. సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది గానీ, అది ఏడాదికి 15 రోజులకు మించదు. దాని మీద ఆశ పెట్టుకోకండి. ఆసుపత్రి, కోర్టు, బడి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించే వీలుంది కాబట్టి, బడి మైదానం ఎంచుకున్నవాళ్లు ఆ సంగతి ముందే అడిగి తేల్చుకోండి.

8. ఆట రోజు

- ఉదయం 7: నేల ఊడ్చి నీళ్లు చల్లడం
- మధ్యాహ్నం 2: స్టేజీ, స్తంభాలు
- 4: కరెంటు జాబితా, లైట్ల సర్దుబాటు
- 5: మైకు పరీక్ష (నటులతోనే, "హలో హలో" పనికిరాదు)
- 5:30: నటులకు తిండి. సంగటి వద్దు, నిద్రొస్తుంది
- 6: రంగు వేసుకోవడం. ఆడవాళ్లకు విడిగా గది
- 6:45: వేపాకు పొగ, తాగునీళ్లు, పట్టలు
- 7:45: ఆట

కూర్చోబెట్టడంలో ఒక చిక్కుంది. పెద్దమనుషులకు ముందు వరసలో కుర్చీలు వేస్తారు. వాళ్లు ఎనిమిదింటికి వచ్చి పావుగంట ఉండి లేచిపోతారు. అంతసేపూ వెనక కింద కూర్చున్న ముసలవ్వకు కుర్చీ వీపులే కనిపిస్తాయి. ముందు పట్టలు, వాటి వెనక కుర్చీలు, ఆ వెనక నిలబడేవాళ్లు. పెద్దమనుషులకు పక్కన, స్టేజీ బాగా కనిపించేలా నాలుగు కుర్చీలు వేయండి. సన్మానాలు ఆట అయ్యాక. మొదట్లో పెడితే నాటకానికి మిగిలేది సగం ఓపికే.

9. డబ్బు

మన గుడి ఉత్సవాల్లో ఒక్కో రోజు ఖర్చు ఒక్కొక్కరు పెట్టుకునే ఉభయదారుల పద్ధతి ఉంది కదా, దాన్నే పట్టుకోండి. ఒక ఆట ఒకరి ఉభయం, లేదా నలుగురిది. ఒకరు లైట్లు, ఒకరు మైకు, ఒకరు నటుల భోజనం. డబ్బు కంటే వస్తువుగా అడిగితే జనం త్వరగా ఇస్తారు. బోర్డు మీద పేరు రాయండి.

చదివింపులు మాత్రం ఆట మధ్యలో ఒప్పుకోవద్దు. మా రెండో ఆటలో ద్రౌపది సభలో ఏడుస్తుంటే, ఒకాయన మెట్లెక్కి మైకు తీసుకుని ఫలానా అన్న నూటపదహార్లు చదివించారని చెప్పాడు. ద్రౌపది కళ్లు తుడుచుకుని ఆయనకు దండం పెట్టింది. జనం విరగబడి నవ్వారు. ఆ తర్వాత దుశ్శాసనుడు ఎంత కష్టపడినా ఏడుపు తిరిగి రాలేదు. ఇప్పుడు చివర్లో హుండీ తిప్పుతాం, పేర్లు అప్పుడే చదువుతాం.

బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో ఉండాలి. ఆట అయిన వారం లోపల జమాఖర్చు రచ్చబండ దగ్గర అతికించండి. అందులో పది రూపాయల గుండుసూదులు కూడా రాసి ఉండాలి. పెద్ద లెక్కలు ఎవరూ చదవరు, గుండుసూదులు చూసి నమ్ముతారు.

10. రెండో ఏడాది, మూడో ఏడాది

మొదటి ఏడాది మూడు ఆటలు చాలు. రెండో ఏడాది ఆరు, అందులో రెండు పక్క ఊళ్ల జట్లవి. ప్రతి నెలా మీరే కొత్త నాటకం తయారుచేయాలనుకుంటే ఆరు నెలల్లో అలసిపోతారు. వేసవి సెలవుల్లో పిల్లలకు పది రోజుల శిక్షణ పెట్టండి. ఒక పిల్లాడు వేషం కడితే ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్లూ వస్తారు. ఇంతకంటే మంచి ప్రచారం నాకు తెలియదు.

సొసైటీ రిజిస్ట్రేషన్ రెండో ఏడాది చేయించండి. ఆ తర్వాత ఆదాయపన్ను చట్టం కింద సంఘానికీ, విరాళాలు ఇచ్చేవాళ్లకూ పన్ను మినహాయింపు వచ్చే నమోదుకు ఒక మంచి ఆడిటర్‌ను పట్టుకోండి. ఏ ఆటకు ఎంతమంది వచ్చారో లెక్కపెట్టి రాస్తూ ఉండండి. ఊహతో కాదు, పట్టల వరసలు లెక్కపెట్టి.

మూడో ఏడాది చివర ఆ పుస్తకం తెరవండి. వానాకాలం వదిలేసి వరసగా ఎనిమిది ఆటలకు నూట యాభై మంది దాటి వస్తుంటే కట్టడం గురించి మాట్లాడుకోవచ్చు. అప్పుడు కూడా వరస ఇది: మొదట ఆడవాళ్ల మరుగుదొడ్లు, తర్వాత నీళ్ల కొళాయి, ఆ తర్వాత సామాను పెట్టుకోవడానికి తాళం వేసే గది, ఎర్తింగ్‌తో శాశ్వత కరెంటు పెట్టె. జనం కూర్చునే వాలులో రాతి మెట్లు నాలుగైదు వరసలు. స్టేజీ చివరికి. దానికి పైకప్పు వేయొద్దు, వెనక గోడ కట్టొద్దు. మా ఊళ్లో ఇంకా కొళాయి దగ్గరే ఉన్నాం.